అన్నం మానింది నేను

ఇది రాయమన్నది మా అమ్మాయి హారిక. "నాన్నా, పాలబూత్ కాడా అదే సెప్తన్నావు, బస్సులోనా అదే సెప్తన్నావు. ఇనేవోళ్లు సగంలో దిగిపోతన్నారు. కాయితం మీద పెట్టీ, ఎవలికి గావాలంటే వాళ్లు సదువుకుంతారు" అంది. సరే, పెడుతున్నాను. నాకు రాత పెద్దగా రాదు. తప్పులుంటే దిద్దుకోండి.

నాకు షుగర్ వచ్చింది. అన్నం మానేశాను. బాగుపడ్డాను. అదే ఇంట్లో, అవే నెలల్లో మా అమ్మ తిండి లేక పడిపోయింది. అటు తిప్పినా ఇటు తిప్పినా నేను చెప్పేది ఇంతే. ఇది చదివి, మీ ఇంట్లో ఒక్కరైనా వెళ్లి పెద్దవాళ్ల కంచంలోకి తొంగి చూస్తే నాకు చాలు.

మాది కంచరపాలెంలో రైలు పట్టాల పక్క సందు. రెండు గదులు, ఒక వంటిల్లు. నేను, నా భార్య దేవి, డిగ్రీ చదివే హారిక, మా అమ్మ సన్యాసమ్మ. ఉక్కు ప్లాంటులో కాంట్రాక్టు కింద క్రేన్ నడుపుతాను. వయసు నలభై ఏడు.

ఫిబ్రవరి

ముందు కళ్లు మోసం చేశాయి. క్రేన్ కేబిన్‌లో కూర్చున్నవాడికి కింద నిలబడి చేత్తో సిగ్నల్ ఇచ్చే మనిషే దిక్కు. పిడికిలి బిగిస్తే ఆపాలి, అరచెయ్యి కిందికి ఊపితే దించాలి. నాకు కింద ఉండేది ఈశ్వర్రావు. పదేళ్ల స్నేహం మాది. ఒకరోజు షిఫ్టు దిగగానే నా మీదికి వచ్చేశాడు.

"ఏటి బావా, నాను ఆపమంటే నువ్వు దించుతన్నావేటి? నా పెళ్లాం బిడ్డలు ఏటయిపోవాల?"

ఆడి పిడికిలికీ అరచేతికీ తేడా తెలియలేదని ఒప్పుకోవడానికి సిగ్గేసి, కేబిన్ అద్దం మురికిగా ఉందన్నాను. మర్నాడు ఆడే నా చెయ్యి పట్టుకుని పరీక్షకి తీసుకెళ్లాడు. షుగర్ మూడొందలు దాటింది. ప్లాంటులో చూసే డాక్టరు, మూడు నెలల్లో అదుపులోకి రాకపోతే క్రేన్ ఎక్కనివ్వనని రాసేశాడు. నాకు ఆ పని తప్ప ఇంకొకటి రాదు. పైనుంచి లోకాన్ని చూసి చూసి, కింద పనిచెయ్యాలంటే కాళ్లాడని మనిషిని.

మద్దిలపాలెంలో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. బయటి గదిలో మూడు గంటలు కూర్చోబెట్టారు. గోడ మీద ఫలానాది తినండి, ఫలానాది తినకండి అని బొమ్మలు. తినకూడనివాటిలో మొదటి బొమ్మ అన్నం పళ్లెం. దాన్ని చూసి దేవి, "దీన్ని మీయమ్మకి సూపించకు, డాక్టరమ్మని కొట్టీగలదు" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. అన్నం, ఇడ్లీ, ఉప్మా, పంచదార తగ్గించి గుడ్లూ చేపలూ కూరలూ మజ్జిగా పెంచమంది. కాగితం మడుస్తూ ఇంకో మాట చెప్పింది.

"అన్నం మానేస్తే ఊరికే మానెయ్యకండి, నాకు చెప్పి మానండి. మాత్ర కూడా తగ్గించాలి. తిండి తగ్గించి మాత్ర మాత్రం అలాగే వేసుకుంటే షుగర్ పడిపోతుంది. ఎక్కువ కంటే అదే ప్రమాదం."

నేను తల ఊపాను. నా మాత్ర తగ్గించుకున్నాను కూడా. ఆ మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. మరిచిపోయి ఉంటే ఏదో ఒకలాగ సర్దిచెప్పుకునేవాణ్ణి.

మా అమ్మకీ షుగరే. ఆరేళ్ల కిందట తేలింది. అప్పుడు చూసిన డాక్టరు ఊరు మారిపోయాడు. అప్పటినుంచి ప్రతి నెలా ఖాళీ అయిన మాత్రల అట్ట పట్టుకెళ్లి మందుల షాపులో చూపిస్తాను. అలాంటిదే ఇంకో అట్ట ఇస్తారు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. అమ్మకి చదువు రాదు గానీ మాత్ర వేసుకోవడంలో మాత్రం ఒక్క పూట తప్పదు.

మార్చి

నాకు నాలుగేళ్లప్పుడు మా నాన్న పోయాడు. అమ్మ గూడ్సు యార్డులో ఊడ్పుకి వెళ్లేది. వేగన్లలోంచి బియ్యం బస్తాలు దించేటప్పుడు చిరుగుల్లోంచి గింజలు కారతాయి. వాటిని చీపురుతో పోగుచేసి, చేటతో చెరిగి, బొగ్గుపొడీ రాళ్లూ తీసి, కొంగున కట్టుకొచ్చేది. ఆ అన్నం కాస్త నల్లగా ఉండేది. పంటికింద ఇసుక తగిలేది. నాకు గిన్నెలో అన్నం పెట్టి తెల్లారకముందే వెళ్లి, ఎండెక్కాక వచ్చేది. సందు మొదట్లోంచే పక్కింటివాళ్లని కేకేసేది.

"మా గుంటడు తిన్నాడేటి?"

గుంటడంటే పిల్లాడు, నేనే. తిన్నాడంటేనే లోపలికొచ్చి కాళ్లు కడుక్కునేది. నాకూ అక్కకీ పోగా గిన్నెలో మిగిలింది ఆవిడది. మిగిలిందో లేదో మేమెప్పుడూ చూడలేదు. అడిగితే "నాను తినీసినాన్రా" అనేది.

నాకు పెళ్లయింది, ఉద్యోగం వచ్చింది, ఇంట్లోకి సన్నబియ్యం వచ్చింది. ఆవిడ అలవాటు మాత్రం మారలేదు. అందరి తర్వాతే తినేది, పొయ్యి గట్టు పక్కన పీట వేసుకుని, మాకు వీపు పెట్టి. దేవి మొదట్లో కలిసి తినమని బతిమాలేది. తర్వాత తనూ అలవాటు పడిపోయింది. బియ్యం కొలవడం కూడా అమ్మ పనే. పాలపొడి డబ్బా ఒకటి ఉంది, చుట్టూ తుప్పు పట్టి. పూటకి మూడు డబ్బాలు. కోడలొచ్చి ఇరవై ఏళ్లయినా ఆ డబ్బా అమ్మ చేతిలోంచి జారలేదు.

అలాంటి మనిషి ముందు కూర్చుని, అన్నం వద్దన్నాను.

"అన్నం తినకపోతే మనిసెలాగ బతుకుతాడ్రా? ఆ డాట్టరమ్మ ఇంట్లో ఎసరు ఎట్టరేటి?"

"ఎట్టుకుంటారు. నాకే వద్దంది."

"ఓ ముద్ద తినీ నాయినా. ముద్దకేటౌతాది?"

మొదటి వారం నవ్వుతూ తప్పించుకున్నాను. తర్వాత క్యారేజీలో దొంగతనం మొదలైంది. ప్లాంటులో మూత తీస్తే పైన బీరకాయ కూర, దాని కింద గుప్పెడు అన్నం. కూర తీసుకుని అన్నం ఈశ్వర్రావుకి ఇచ్చేవాణ్ణి. ఆడు ఇకిలిస్తూ తినేవాడు. "మీయమ్మ సేత్తో ముద్ద, వద్దనకూడదు బావా" అనేవాడు. రెండోసారీ ఇచ్చాను, మూడోసారీ ఇచ్చాను. నాలుగోసారి నాకు మండింది. ఆరోజే కళ్ల పరీక్షలో మసక ఇంకా తగ్గలేదన్నారు. ఆకలి, చిరాకు, తలనొప్పి. అన్నం మానేసిన కొత్తలో మనిషి కుక్కలాగ అయిపోతాడని ఎవరూ చెప్పరు. నేను చెబుతున్నాను.

ఇంటికొచ్చి క్యారేజీ గిన్నె అమ్మ ముందు పెట్టాను.

"ఏటిది?"

ఆవిడ గిన్నె మీద మూత సర్దబోయింది.

"నన్ను సంపడానికేనేటి నువ్వున్నావు? కళ్లు పోతే నువ్వు తెచ్చిస్తావేటి?"

గిన్నె తీసుకెళ్లి సింకులో తిరగేశాను. కుళాయి తిప్పేశాను. దేవి బయటికి వచ్చింది, హారిక పుస్తకం మూసేసింది. అమ్మ నా పక్కనుంచి మెల్లగా వెళ్లి కుళాయి కట్టింది. సింకు జాలీలో ఇరుక్కున్న మెతుకుల్ని ఒక్కొక్కటీ వేళ్లతో తీసి ఎడమ అరచేతిలో పెట్టుకోవడం మొదలెట్టింది. యార్డులో ఏరినట్టే ఏరింది. నేను చూస్తూ నిలబడ్డాను. తప్పయిందమ్మా అనాలని నోటి దాకా వచ్చింది. టీవీ పెట్టుకున్నాను.

మర్నాడు పొద్దున అమ్మ ఆ పాలపొడి డబ్బా తీసుకెళ్లి దేవి చేతిలో పెట్టింది. "ఇంకనుంచి నువ్వే కొలీ" అంది. దేవి నాకు చెబితే, "పోన్లే, ఇన్నాళ్లకి అర్థమైంది" అన్నాను.

మే

నా కళ్లు తేరుకున్నాయి. ఈశ్వర్రావు పిడికిలి కేబిన్‌లోంచి స్పష్టంగా కనిపించిన రోజు పైనుంచే దణ్ణం పెట్టాను. ఆడు కిందనుంచి బూతు సిగ్నల్ ఒకటి ఇచ్చాడు. ఒళ్లు తగ్గింది, బెల్టుకి కొత్త బెజ్జాలు పడ్డాయి. ఇకముందూ క్రేన్ ఎక్కవచ్చని కాగితం ఇచ్చారు.

బాగుపడ్డవాడి గర్వం చెడ్డది. నాలుగు వీడియోలు చూసి, రెండు కాగితాలు చదివి, నేనే డాక్టరునైపోయాను. ఇంట్లో పంచదార డబ్బా ఖాళీ చేయించాను. బెల్లం పక్కింటికి ఇచ్చేయించాను. బిస్కెట్ కనిపిస్తే హారిక మీద ఎగిరేవాణ్ణి. "అది నీకు ఇసం రా" అనే మాట నా నోట్లో ఊతపదమైపోయింది. పొద్దున గుడ్లు, మధ్యాహ్నం కూరలు, వారానికి మూడు రోజులు నెత్తళ్ల పులుసు. ఆ చిన్న చేపలంటే అమ్మకిష్టం. ఆ పులుసులో అన్నం కలుపుకోకుండా తినడం ఆవిడకి ఎప్పుడూ చేతకాలేదు.

ఒకరోజు దేవి అంది. "అన్నం మిగిలిపోతన్నాది. నువ్వు మానేసినాక మూడు డబ్బాలు రెండు సేసినాను. అయినా మిగిలిపోతన్నాది."

"తగ్గించీ. అందరికీ మంచిదే."

రెండు డబ్బాలు ఒకటిన్నర అయ్యాయి. కొన్నాళ్లకి ఒకటి. హారిక ఒళ్లు తగ్గడానికి తినడం లేదనుకుంది దేవి. నేను చెప్పింది దేవి పాటిస్తోందనుకున్నాను నేను. హారిక కాలేజీలో తినేసి వచ్చేది. ముగ్గురం మూడు రకాలుగా అనుకుని, మిగిలిన అన్నం ఎవరిదని ఒక్కరమూ అడగలేదు. డబ్బా తగ్గిన ప్రతిసారీ నేను సంతోషించాను. ప్లాంటులో గొప్పలు కూడా పోయాను. "మా ఇంట్లో అన్నం దాదాపు బంద్ బావా" అన్నాను. ఈశ్వర్రావు గెడ్డం గోక్కుని, "మరి అమ్మేటి తింతన్నాది?" అన్నాడు. "అందరం తినేదే" అన్నాను.

ప్రపంచంలో ఆ ప్రశ్న అడిగింది ఆడొక్కడే.

జూన్

అమ్మ పగలు పడుకోవడం మొదలుపెట్టింది. నీళ్ల గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణికేది. ఫ్యాన్ కింద కూర్చున్నా మెడంతా చెమట. ఒకరోజు హారికని మా అక్క పేరుతో పిలిచింది. ఇంకోరోజు సందు చివరి కొట్టుకి వెళ్లి, ఎందుకు వచ్చిందో మరిచిపోయి, ఎండలో నిలబడిపోతే ఎవరో తీసుకొచ్చి దిగబెట్టారు.

అన్నీ తెలిసిన డాక్టరుని కదా, షుగర్ పెరిగిపోయిందని తేల్చేశాను. దొంగచాటుగా ఏదో తీపి తింటోందన్నాను. పొద్దున్నే కాకరకాయ రసం తాగించాను. ఆవిడ కళ్లు మూసుకుని, ముఖం చిట్లించి, నా కోసం మొత్తం తాగేది. గ్లాసు ఇచ్చేటప్పుడు "తాగీసినాను నాయినా" అని చూపించేది, చిన్నపిల్లలాగ.

ఇంట్లో షుగర్ చూసే మిషను ఉంది. నాకోసం కొన్నది. ఒకసారి హారిక నానమ్మ వేలు పట్టుకుంది. అమ్మ చెయ్యి కొంగులో దాచేసుకుంది. "నాకేటైనాదని? మీ నాన్నకి సూడండి" అంది. హారిక నా వైపు చూసింది. నేను బూట్లు వేసుకుంటున్నాను. "రేపు సూద్దాం లే" అన్నాను. అది ఒక్క నిమిషం పని.

ఆ మర్నాడు సి షిఫ్టు, అంటే రాత్రి డ్యూటీ, దిగి పొద్దున ఏడున్నరకి ఇంటికొచ్చాను. దేవి ఇంకా వంటింట్లోకి వెళ్లకుండా సందులో మంచినీళ్ల కుళాయి దగ్గర ఉంది. అమ్మ వంటింట్లో, తన పీట పక్కన, గోడకి ఒరిగి ఉంది. నిద్రపోతోందనుకున్నాను. రవికె తడిసి ఒంటికి అంటుకుపోయింది. పిలిస్తే పలకలేదు. కళ్లు సగం తెరిచే ఉన్నాయి, కానీ నన్ను చూడటం లేదు. నోట్లోంచి ఒక పక్కకి చొంగ.

హారిక మిషను తెచ్చి వేలు పొడిచింది. నెత్తురు చుక్క పెడితే తెర మీద అంకె రాలేదు. "లో" అని రెండు ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. అంకె వెయ్యడానికి కూడా ఒంట్లో షుగర్ లేదన్నమాట.

"పంచదార! పంచదార తే!" అని అరిచాను. పరిగెత్తుకొచ్చిన దేవి నా ముఖం చూసింది. ఇంట్లో పంచదార లేదు. బెల్లం లేదు. బిస్కెట్ లేదు. అన్నీ నేనే బయట పారేయించాను. హారిక అంబులెన్స్‌కి ఫోన్ చేసింది. దేవి చెప్పుల్లేకుండా పరిగెత్తి, రెండు మూడిళ్లు తిరిగి గ్లాసుడు పంచదార తెచ్చేసరికి అది వచ్చేసింది. నేను పంచదార నీళ్లు నోట్లో పోయబోతే అందులో వచ్చినాయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "తెలివి లేని మనిసి నోట్లో ఏటీ పొయ్యకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాది" అని సూది పెట్టాడు. ఇదీ గుర్తుపెట్టుకోండి.

ఆసుపత్రి

లోపల ఒక కుర్ర డాక్టరమ్మ నన్ను అడిగింది. "ఏం మాత్ర వేసుకుంటారు?" అట్ట చూపించాను. "రాత్రి ఏం తిన్నారు?"

దేవిని చూశాను. దేవి నన్ను చూసింది.

"రోజూ ఏం తింటారు ఆవిడ?"

"మేం తినేదే" అన్నాను.

"మీరు చూశారా తినడం? చివరిసారి ఎప్పుడు చూశారు?"

ఆ అమ్మాయి కోపంగా అడగలేదు. చేతిలో పెన్ను పట్టుకుని, రాసుకోవడానికి అడిగింది. నేను నిజంగా ఆలోచించాను. మొన్న, పోయిన వారం, పోయిన నెల అనుకుంటూ వెనక్కి వెళ్లాను. మా అమ్మ వీపు కనిపించింది. పీట కనిపించింది. నోట్లో ముద్ద పెట్టుకున్న అమ్మ ఎక్కడా కనిపించలేదు. నలభై ఏడేళ్లు వచ్చాయి నాకు.

"తెల్దమ్మా" అన్నాను. ఆ అమ్మాయి అదే రాసుకుంది.

బయట బల్ల మీద కూర్చున్నాక హారిక ఏడుస్తూ చెప్పింది. మార్చిలో సింకు గొడవ అయిన రాత్రే నానమ్మ దానితో అందట. "మీ నాన్న అన్నం ముట్టనప్పుడు నాకెలాగ గొంతు దిగుతాదే? ఆడు తిన్ననాడే తింతాను." ఊరికే అంటోందనుకుందట. ఎవరికీ చెప్పొద్దని తన తల మీద ఒట్టు వేయించుకుందట. పంతొమ్మిదేళ్ల పిల్ల, ఒట్టు తప్పితే నానమ్మకి ఏదైనా అవుతుందని భయపడి నోరు మూసుకుంది. దాన్ని ఒక్క మాట అనడానికి నాకు అర్హత లేదు.

మూడు నెలలకి పైగా కూర, మజ్జిగ, పంచదార లేని టీ. వాటి మీద పూటకొక మాత్ర, తప్పకుండా.

అనకాపల్లి నుంచి అక్క వచ్చింది. నన్ను చూడగానే నలుగురిలో అనేసింది.

"నువ్వు బాగుండడానికి అమ్మని మాడ్సీసినావురా."

దేవి అడ్డం వచ్చి, "మాకు తెల్దు వొదినా" అంది. అక్క దేవి మీద పడింది. "కొలిసిందానివి నువ్వు కాదేటి?" దేవి ఆ మాటకి నా వైపు తిరిగింది. "తగ్గించమన్నది ఆయనే" అంది. అంతకు ముందు ఇరవై ఏళ్లలో దేవి నన్ను పరాయివాళ్ల ముందు వేలెత్తి చూపించలేదు. అన్నది నిజమే. అయినా నాకు తగిలింది. నాలుగు రోజులు మేమిద్దరం మాట్లాడుకోలేదు. ఒకే ప్లాస్కు, ఒకే దుప్పటి, మాటల్లేవు.

పక్క మంచం ఖాదర్ భాయ్ వాళ్లది. పాత పోస్టాఫీసు దగ్గర పరుపుల కొట్టు ఆయనకి. భార్యకి కిడ్నీ జబ్బు. రెండో రోజు ఇంటినుంచి బిర్యానీ తెచ్చి నాకు పెట్టబోయాడు. వద్దు భాయ్, అన్నం తినను అన్నాను. ఎందుకని అడిగితే, నోరు తెరిచి మొత్తం చెప్పేశాను. పరాయివాడికి చెప్పడం తేలిక. ఆయన అంతా విని బిర్యానీ డబ్బాకి మూత పెట్టేశాడు. మర్నాడు స్టీలు డబ్బాలో ఉడకబెట్టిన గుడ్లు రెండు, కాసిని వేయించిన చేపముక్కలు తెచ్చి నా ఒళ్లో పెట్టాడు.

"నువ్వు తిను భాయ్. నువ్వు పడిపోతే అమ్మీకి ఎవరు తినిపిస్తారు?"

గుడ్డు తొక్క తీస్తూ ఏడ్చాను. అమ్మ పడిపోయాక అదే మొదటిసారి ఏడవడం. ఆయన పక్కన కూర్చుని తొక్కలు ఏరి కాగితంలో వేశాడు.

షుగర్ మొదటిరోజే పైకి వచ్చేసింది. అమ్మ మాత్రం రాలేదు. మెదడుకి చాలాసేపు తిండి అందలేదన్నారు. రాత్రి ఎప్పుడో పడిపోయి ఉంటుందన్నారు. నాలుగో రోజు కళ్లు తెరిచింది. నేను మంచం అంచున కూర్చుని, "అమ్మా" అన్నాను. నన్ను కిందనుంచి పైదాకా చూసింది. పైట సర్దుకుంది, కొత్తవాళ్లెవరో వచ్చినట్టు.

ఇప్పుడు

డిసెంబరు వచ్చింది. నేను క్రేన్ మీదే ఉన్నాను. షుగర్ అదుపులో ఉంది, కళ్లు బాగున్నాయి. మద్దిలపాలెం డాక్టరమ్మ నా కాగితాలు చూసి చాలా బాగుందంది. అమ్మ సంగతి చెప్పాక కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకుంది. "తిండి మార్చేటప్పుడు ఇంట్లో ఇంకెవరైనా మాత్రలు వేసుకుంటున్నారా అని ఇకమీద అందరినీ అడుగుతాను" అంది. అమ్మకి ఆ మాత్ర మార్చేసింది.

నీతులు చెబుతున్నాడనుకున్నా సరే, అందరికీ ఒకటి చెప్పాలి. అన్నం తగ్గించడం తప్పు కాదు. నన్ను బతికించింది అదే. కానీ ఉమ్మడి పొయ్యి మీద ఒక్కడు తిండి మార్చుకుంటే, ఆ మార్పు అతనొక్కడి కంచంలోనే ఆగదు. పాత అట్ట చూపించి మందులు కొనకండి. పెద్దవాళ్లు తినేశామంటే నమ్మకండి. పక్కన కూర్చోండి.

దేవీ నేనూ మాట్లాడుకుంటున్నాం. పాలపొడి డబ్బా మళ్లీ రెండు కొలతలకి వచ్చింది. వంటింట్లో పీట తీసేశాం. అందరం ఒకేచోట కూర్చుంటాం, అమ్మ మధ్యలో.

అమ్మ నడుస్తుంది, మాట్లాడుతుంది. కోడలిని గుర్తుపడుతుంది, ఒక్కోసారి హారికనీ. నన్ను గుర్తుపట్టదు. నేను తన ఇంట్లో అద్దెకున్న మంచివాణ్ణని అనుకుంటోంది, బాబూ అని పిలుస్తుంది. అమ్మకి అన్నం తినిపించడం నా పనిగా తీసుకున్నాను. షిఫ్టు ఏదైనా ఒక పూట నాది. నెత్తళ్ల పులుసు కలిపి, ముద్ద చేసి నోటి దగ్గర పెడితే పెదాలు బిగించుకుంటుంది. గుమ్మం వైపు చూస్తుంది.

"మా గుంటడు తిన్నాడేటి బాబూ?"

"తిన్నాడమ్మా."

"అన్నవేనా?"

"అన్నమే."

అప్పుడు నోరు తెరుస్తుంది. మొదటి రెండు నెలలు అలాగే రోజూ అబద్ధం చెప్పి తినిపించాను. కంచంలో చివరి ముద్ద మిగిలేసరికి మాత్రం చెయ్యి అడ్డం పెట్టేస్తుంది. ఎంత బతిమాలినా తినదు. "ఇది ఆడికుంచు బాబూ. ఆకలేసి వత్తాడు" అంటుంది.

ఆ ముద్ద పారబొయ్యలేక ఒకరోజు కంచం పట్టుకుని వంటింట్లోకి వెళ్లి, ఆవిడ పీట ఉండే చోట నిలబడి నేనే తినేశాను. అన్నం ముట్టి అప్పటికి ఆరు నెలలైంది. డాక్టరమ్మకి చెప్పాను. ఆ ఒక్క ముద్ద తినమంది. ఇప్పుడు రోజూ అంతే. తిని, చెయ్యి కడుక్కుని, అమ్మ దగ్గరికి వస్తాను. గుమ్మం వైపే చూస్తూ ఉంటుంది.

"తిన్నాడేటి?"

"తిన్నాడమ్మా" అంటాను. అప్పుడు పడుకుంటుంది.